సంచిలో రాయి ముక్క

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన నెల మీ ఆదివారం అనుబంధంలో వంటింటి రంగుల మీద ఒక పేజీ వేశారు. మా పక్కింటావిడ ఆ పేజీ కత్తిరించి, మడత పడకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టి రంగుల షాపుకి పట్టుకెళ్లింది. పేజీలో కుడివైపు ఉన్న మీగడ రంగు గోడ ఆవిడకి తెగ నచ్చింది. షాపు కుర్రాడు ఆ కాగితం మీద ఒక చిన్న మిషన్ ఆనించి, అది చెప్పిన లెక్క ప్రకారం రంగు కలిపిచ్చాడు. మిషన్ తప్పేమీ లేదు. కాగితం మీద ఏముందో దాన్నే పట్టుకుంది, న్యూస్‌ప్రింటు మసకతనంతో సహా. రెండు కోటింగులు ఆరాక చూస్తే గోడ అచ్చం వారం కిందటి పేపరులా ఉంది. "అక్కా, ఒకసారి వచ్చి చూడవా, ఇది మీగడేనా?" అని ఆవిడ నన్ను పిలిచింది. వెళ్లి చూశాను. మీగడ కాదు. తోడుకోని పాలు.

ఇది మీ మీద ఫిర్యాదు అనుకోకండి. న్యూస్‌ప్రింటు తెల్లగా ఉండదు, సిరాని పీల్చుకుంటుంది, దానికి మీరేం చేస్తారు. నా బాధ వేరు. పేజీ అంతా రెండుసార్లు చదివాను, వంట గట్టు మీది రాయి గురించి ఒక్క మాట లేదు. గోడకి ఏ రంగు, అల్మరా తలుపులకి ఏ రంగు, కర్టెన్‌కి ఏ రంగు అని మాత్రం వివరంగా ఉంది. మన వంటింట్లోకి అడుగు పెట్టగానే కంటికి ఆనేది గట్టే. ఒకసారి వేయిస్తే పాతికేళ్లు కదలదు. గోడ రంగంటారా, ఏ నాలుగేళ్లకో అయిదేళ్లకో మారుస్తాం. కదిలేదాన్ని ముందు ఖాయం చేసుకుని కదలనిదాన్ని తెచ్చి దానికి అతికించమంటే ఎట్లాగండీ? చీర కొన్నాక జాకెట్టు గుడ్డ వెతుక్కుంటాం గానీ, జాకెట్టు కుట్టించుకుని చీర కోసం బజారు తిరగం కదా.

ఈ మాట అనే అర్హత నాకు ఎలా వచ్చిందంటే, ఆ తప్పు నేనూ చేశాను. హైస్కూల్లో 31 ఏళ్లు ఫిజికల్ సైన్సు చెప్పి రిటైరైన దాన్ని. వెలుతురు, పరావర్తనం, రంగులు అని బోర్డు మీద ఎన్ని బొమ్మలు వేశానో లెక్క లేదు. నా వంటింటికి వచ్చేసరికి ఒక్కటీ గుర్తు రాలేదు.

మా ఇల్లు ఒంగోల్లో 1994లో కట్టాం. అప్పట్లో అందరూ వేయించినట్టే గట్టుకి, అలమర్లకి కడప రాయి. పాలిష్ కూడా పెద్దగా ఉండేది కాదు. వేసిన ఏడాదికే గట్టు మీద ఒక తెల్లటి చక్రం పడింది. నిమ్మకాయ ఊరగాయ జాడీ అడుగున రసం కారి, రాత్రంతా అలాగే ఉండిపోయింది. పొద్దున్నే జాడీ ఎత్తితే జాడీ అడుగు ఎంతుందో అంత గుండ్రంగా రాయి పేలవంగా తెల్లబడి ఉంది. కడప రాయి సున్నపురాయి జాతిది, పులుపు తగిలితే పైపొర తినేస్తుంది. పిల్లల చేత సుద్దముక్క మీద నిమ్మరసం పిండించి బుడగలు చూపించే ప్రయోగం, నా గట్టు మీద నాకు తెలియకుండా జరిగిపోయింది. కొబ్బరి నూనె రాస్తే నాలుగు రోజులు కనపడేది కాదు, మళ్లీ తేలేది. తర్వాత 28 ఏళ్లు ఆ చక్రం చుట్టూనే వంట చేశాను.

గోడలకి అప్పుడు సున్నం. సంక్రాంతి ముందు కాస్త నీలిమందు కలిపి కొట్టించేవాళ్లం. మ్యాచింగ్ అన్న మాట ఎవరి నోటా రాలేదు, అయినా ఆ నల్లటి గట్టుకీ ఆ తెల్లటి గోడకీ ఏ రోజూ పేచీ రాలేదు. ఎందుకా అని ఇప్పుడు ఆలోచిస్తే నవ్వొస్తుంది. పిడుగురాళ్ల బట్టీల్లో సున్నపురాయిని కాలిస్తేనే గదా సున్నం. గట్టు రాయీ అదే జాతి. ఇద్దరూ ఒక తల్లి పిల్లలే. మెరుపు కూడా ఒకటే, అంటే రెండింటికీ లేదు.

రెండేళ్ల కిందట వంటిల్లు పూర్తిగా మార్చాలనుకున్నాం. ఒంగోల్లో ఉండి గట్టు రాయి కోసం ఎక్కడికో వెళ్లక్కర్లేదు. చీమకుర్తి 20 కిలోమీటర్లు. అక్కడి గెలాక్సీ రాయి దేశదేశాలకీ పోతుంది. మా మరిది మాత్రం ఆగ్నేయంలో నల్లరాయి వద్దు వదినా అని ఫోన్ మీద ఫోన్. చీమకుర్తి పక్కన కాపురం పెట్టి నల్లరాయి వద్దంటే, సముద్రం పక్కన ఉండి ఉప్పు వద్దన్నట్టు ఉంటుందని చెప్పి ఊరుకోబెట్టాను.

ఆ రాయిని దగ్గరగా చూడని వాళ్ల కోసం చెబుతాను. దూరం నుంచి ఒట్టి నలుపు. మొహం దగ్గర పెట్టి చూస్తే లోపల చిన్న చిన్న చుక్కలు, ఆవగింజంత కొన్ని, అంతకన్నా చిన్నవి కొన్ని. తల అటూ ఇటూ తిప్పితే ఒకటి ఆరిపోయి ఇంకొకటి వెలుగుతుంది. ఆ చుక్కలు బంగారం రంగువని అందరూ అంటారు. నాకైతే తోమిన ఇత్తడి బిందె మీద సాయంత్రపు ఎండ పడ్డట్టు ఉంటాయి. వాటిని బ్రాంజైట్ అనే ఖనిజం అంటారు. మనం గ్రానైట్ అంటాం గానీ భూగర్భశాస్త్రం వాళ్ల లెక్కలో ఇది గాబ్రో జాతి రాయి. పేరు ఏదైతేనేం, చెప్పొచ్చేదేమిటంటే ఈ నలుపులో వెచ్చదనం ఉంది. ఒంగోలు చుట్టుపక్కల దొరికే స్టీల్ గ్రే రాయి చూస్తే చల్లగా, కాస్త నీలి ఛాయలో ఉంటుంది. రెండూ పక్కపక్కన పెడితే గానీ ఆ తేడా తెలియదు.

రాయి రాకముందే రంగు వేయించడం నా మొదటి తప్పు. రాయి కోత ఆలస్యమైంది, పెయింటర్ ఖాళీగా ఉన్నాడు, హైదరాబాద్ నుంచి మా అబ్బాయి వారం సెలవు పెట్టి వచ్చి ఉన్నాడు. వాడు ఫోన్లో ఏదో విదేశీ వంటింటి ఫోటో చూపించి "అమ్మా, ఇప్పుడంతా గ్రేనే, పైగా మ్యాట్ ఫినిష్ అయితే రిచ్‌గా ఉంటుంది" అన్నాడు. ఫోటోలో బాగానే ఉంది. ఆ ఫోటోలో పొయ్యి ఎక్కడుందో కూడా కనపడలేదని అప్పుడు నాకు తట్టలేదు. పెయింటర్‌ని అడిగాను, నాయనా, మ్యాట్ అంటే మెరుపు లేనిది గదా, నూనె మరకలు పోతాయా అని. "టైల్స్ వేస్తారు గదా టీచరమ్మా, గోడ మీదికి నూనె ఎందుకొస్తుంది" అన్నాడు. నిజమే అనిపించింది. పొయ్యి వెనక టైల్స్ ఎంత ఎత్తు వస్తాయో అడగలేదు. రెండడుగులు.

తర్వాత వారం రాయి వచ్చింది. సింకు కోసం కన్నం మా వరండాలోనే కోశారు. కోసే కుర్రాడికి ఇరవై కూడా ఉండవు, మూతికి గుడ్డ లేదు, పొడి మీదే మిషన్ పెట్టాడు. ఒక్క నిమిషంలో వరండా అంతా బూడిద రంగు పొగమంచు, వాడి కనురెప్పలు కూడా తెల్లబడ్డాయి. మిషన్ ఆపించి, తువ్వాలు తడిపి మూతికి కట్టించి, రాయి మీద మగ్గుతో నీళ్లు పోస్తూ పక్కనే నిలబడ్డాను. "ఏం కాదమ్మా, అలవాటే" అన్నాడు. ఆ అలవాటే భయం. మెల్‌బోర్న్‌లో ఉన్న మా అమ్మాయి చెప్పింది, అక్కడ కృత్రిమంగా చేసే క్వార్ట్జ్ రాతి గట్లని 2024 జూలై 1 నుంచి దేశమంతా నిషేధించారట. వాటిలో సిలికా పాలు చాలా ఎక్కువ, కోసేవాళ్ల ఊపిరితిత్తులు పాడవుతున్నాయని. ఆ క్వార్ట్జ్ గట్లు ఇక్కడ కొత్త ఫ్యాషన్‌గా అమ్ముతున్నారు. మీ అనుబంధంలో దీని మీద కూడా ఒక పేజీ వేస్తే బాగుంటుంది, కానీ ఈ ఉత్తరం దాని గురించి కాదు.

సింకు కన్నంలోంచి వచ్చిన పలక పది కిలోలకు తక్కువ ఉండదు. పారేస్తామన్నారు. ఒక మూల అరచెయ్యి అంత ముక్క కొట్టించుకుని ఉంచుకున్నాను. రంగుల ఆలోచనతో కాదు, మాగాయ జాడీ మూత మీద బరువుకి పనికొస్తుందని.

గట్టు బిగించి, దాని వెనక గోడకి డాడో టైల్స్ వేసి, అంతా తుడిచాక ఒక సాయంత్రం లైటు వేసి చూశాను. ఎవరో పోయిన ఇంట్లోకి వచ్చినట్టు అనిపించింది. గోడ బూడిద రంగు, అందులో కాస్త నీలం ఉంది. గట్టు నలుపు. పైన కూల్ డే లైట్ ఎల్ఈడీ పట్టీ. షాపులో మిలమిల్లాడిన చుక్కలు ఏమైపోయాయో తెలియదు. రాయి మారిపోయిందేమో, మేస్త్రీ వేరే స్లాబ్ తెచ్చి వేశాడేమో అని కూడా అనుమానపడ్డాను. పాపం, ఆయనకి ఫోన్ చేసి అడిగాను కూడా. ఆయన నొచ్చుకున్నాడు.

ఇక నూనె. మా వైపు తాలింపుని తిరగమాత అంటాం, రోజుకి రెండు పూటలా ఉంటుంది. కాగిన నూనెలో ఆవాలు చిటపటలాడినప్పుడు నూనె తుంపర రెండడుగుల టైల్స్ దగ్గర ఆగుతుందని ఏ చట్టమూ లేదు. ఆవిరితో కలిసి పైకి పోతుంది, గోడకి అంటుతుంది. మూడు నెలలకి టైల్స్ పై అంచు నుంచి ఒక జానెడు మేర గోడ ముదురు రంగుకి తిరిగింది. సబ్బు నీళ్లతో రుద్దితే మరక పోలేదు సరికదా, రుద్దిన చోటల్లా మెరుపు వచ్చి పక్క నుంచి చూస్తే గోడ మీద చెయ్యి తిప్పిన గుండ్రాలు. ఆ గుండ్రాలు మరక కన్నా అన్యాయంగా ఉన్నాయి.

అప్పుడు బుద్ధొచ్చి పుస్తకాలు తీశాను. మ్యాట్ రంగులో పొడి పాలు ఎక్కువ, దాన్ని పట్టి ఉంచే జిగురు పాలు తక్కువ. అందుకే ఆరాక పైభాగం కంటికి కనపడనంత గరుకుగా, చిల్లులు చిల్లులుగా ఉంటుంది. వెలుతురు పడితే నలుదిక్కులా చెదిరిపోతుంది కాబట్టి కంటికి మెత్తగా కనిపిస్తుంది. నూనెకి మాత్రం అది సుద్దముక్క. బాగా మెరుపు ఉండే రంగులో జిగురు ఎక్కువ, పైన గట్టి పొర కడుతుంది, నూనె లోపలికి దిగదు, తడిగుడ్డతో వచ్చేస్తుంది. అయితే దానికీ ఒక రోగం ఉంది. రంగు కింద గోడ సాపుకి పెట్టే లప్పం ఏమాత్రం ఎగుడుదిగుడుగా పెట్టినా లైటు పక్కవాటుగా పడ్డప్పుడు గోడ మొత్తం అలలు అలలుగా కనిపిస్తుంది. మా పెయింటర్ పెట్టిన లప్పానికి మెరుపు రంగు వేస్తే చీరాల సముద్రమే. రెండిటికీ మధ్యది ఒకటుంది. కంపెనీలు దాన్ని శాటిన్ అంటాయి, సిల్క్ అంటాయి, షీన్ అంటాయి. కోడిగుడ్డు పెంకు మీద ఎంత మెరుపు ఉంటుందో అంత. వంటింటి గోడకి ఆ మాత్రం చాలు.

పొయ్యి పక్క గోడకి ఎనామిలే వేయించమని కొందరు పెద్దవాళ్లు చెబుతారు. మా అత్తగారి వంటింట్లో తెల్ల ఎనామిల్ ఉండేది. అందులో ఒక విచిత్రం గమనించాను. ఏడాది చివర క్యాలెండర్ తీస్తే, దాని వెనక గోడ మిగతా గోడ కన్నా పచ్చగా ఉండేది. పొగ తగలని చోట తెల్లగా ఉండాలి గదా. ఆ నూనె రంగుల తత్వం అంతే, వెలుతురు తగలని చోట పచ్చబడతాయి. కిటికీ చిన్నదై, అల్మరాల నీడ పడే వంటింట్లో తెల్ల ఎనామిల్ వేస్తే రెండు మూడేళ్లకి గట్టు పైభాగం ఒక తెలుపు, అల్మరా కింద ఒక పసుపు. నీళ్లతో కలిపే శాటిన్ రంగులకి ఈ బాధ దాదాపు లేదు. ఇంకొకటి, ఇలాంటి పాత ఎనామిల్ గోడల్ని పొడిగా గీకించకండి. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల పాళ్లలో 90 పాళ్లు దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు డబ్బాల్లో ఎంత ఉందో ఎవరికెరుక. తడిపి గీకించండి, పిల్లల్ని వేరే గదిలో ఉంచండి.

మళ్లీ రంగు వేయించాలని తీర్మానం అయ్యాక మాగాయ జాడీ మీది రాయి ముక్క గుర్తొచ్చింది. కడిగి, తుడిచి, గుడ్డసంచిలో వేసుకుని ఆటోలో షాపుకెళ్లాను. కౌంటర్ మీద పెడితే కుర్రాడు బిత్తరపోయి "ఏంది మేడం ఇది, రాయి తెచ్చారు" అన్నాడు. చీర తీసుకుని మ్యాచింగ్ సెంటర్‌కి వెళ్లినప్పుడు ఎవరైనా ఇలా అడుగుతారా? అక్కడ జాకెట్టు ముక్క చీర మీద పరిచి, అంతటితో ఆగక, రెండూ పట్టుకుని షాపు బయట మెట్ల మీదికొచ్చి ఎండలో చూస్తాం. ట్యూబ్‌లైటు కింద ఒకటే రంగులా ఉన్నవి ఎండలోకి రాగానే ఎటువాళ్లు అటు విడిపోతాయి. ప్రతి ఆడపిల్లకీ తెలిసిన విద్య ఇది. వంటిల్లు దగ్గరికి వచ్చేసరికి మాత్రం షాపులో ఏసీలో కూర్చుని, తపాలా బిళ్ల అంత రంగు ముక్క చూసి నాలుగు గోడలకి సరే అనేస్తాం.

షేడ్ కార్డులో తెలుపు అన్న పేరుతో ఉన్నవాటిని రాయి ముక్క పక్కన ఒక్కొక్కటే పెట్టి చూశాను. షాపులో వరసగా చూసినప్పుడు అన్నీ తెల్లగానే ఉన్నాయి. రాయి పక్కన పెట్టగానే ఒకటి నీలంగా, ఒకటి గులాబీగా, ఒకటి లేత పసుపుగా బయటపడ్డాయి. నీలి ఛాయ తెలుపు పక్కన చుక్కలు చచ్చిపోయాయి. మీగడ ఛాయ తెలుపు పక్కన ఎవరో అగ్గిపుల్ల గీసినట్టు లేచాయి. రాయి అదే, కుర్రాడు అక్కడే ఉన్నాడు, వాడే "అరె" అన్నాడు.

ఇది నేను కనిపెట్టిందేమీ కాదు. 19వ శతాబ్దంలో పారిస్‌లో గోబెలిన్స్ అని పేరున్న నేత కార్ఖానాలో రంగుల విభాగానికి షెవ్రోల్ అనే రసాయన శాస్త్రవేత్త పెద్దగా ఉండేవాడు. నీలం, ఊదా బట్టల్లో వాడిన నలుపు దారం సరిగ్గా నల్లగా లేదని ఆయనకి ఫిర్యాదులొచ్చాయి. దారాలు పరీక్షిస్తే నలుపు బాగానే ఉంది. పక్కనున్న రంగు దాన్ని అలా కనపడేట్టు చేస్తోంది. అలా మొదలుపెట్టి పక్కపక్క రంగులు ఒకదాన్నొకటి ఎలా మారుస్తాయో 1839లో పెద్ద గ్రంథమే వేశాడు. మా మేస్త్రీ నలుపుని నేను అనుమానించడం, అక్కడివాళ్లు నేతగాళ్ల నలుపుని అనుమానించడం, రెండూ ఒకటే.

కార్డు మీద మూడు ఛాయలు ఎంచుకుని, ఒక్కొక్కటి లీటరు చొప్పున కలిపించాను. వృథా అని మా వారు గొణిగారు. నాలుగు లీటర్లు వేసి పాడు చేసుకుని మళ్లీ నాలుగు లీటర్లు కొనడం కన్నా నయమని చెప్పాను. మిగిలిన రెండు రంగులూ తర్వాత మేడ మెట్ల గోడకి వాడాం లెండి. పెద్ద డ్రాయింగ్ షీట్లు మూడు కొని, ఒక్కోదానికి రెండు కోటింగులు వేసి ఆరబెట్టాను. తడి మీద చూసి నిర్ణయించకూడదు, ఎమల్షన్, అంటే నీళ్లతో కలిపే రంగు, ఆరాక ఒక పిసరు ముదురుతుంది. షీట్లు గట్టు వెనక, రాయిని ఆనుకునేట్టు టేపుతో అతికించాను. గోడ మీదే పూసి చూడొచ్చుగా అనొచ్చు. కింద ఉన్న బూడిద రంగు చుట్టూ కనపడుతుంటే కొత్త రంగు కంటికి అబద్ధం చెబుతుంది. పైగా షీటు అయితే పొయ్యి పక్కకి, సింకు పక్కకి, కిటికీ ఎదురుగా మార్చుకోవచ్చు.

మూడు రోజులు అలా ఉంచాను. పొద్దున ఏడింటికి తూర్పు కిటికీలోంచి ఎండ నేరుగా పడ్డప్పుడు మూడూ బాగున్నాయి. సాయంత్రం నాలుగింటికి ఒకటి గులాబీకి తిరిగింది. రాత్రి లైటు వేస్తే మిగిలిన రెండూ పాలిపోయాయి. అప్పుడు అర్థమైంది, తప్పు లైటుది కూడా అని. లైటు అట్టపెట్టె మీద 6500కె అని ఉంది, కె అంటే కెల్విన్, వెలుగు రంగుకి కొలత. వెలుగు నీలంగా ఉంటుంది. ఆ అంకె తగ్గే కొద్దీ వెలుగు పసుపుకి తిరుగుతుంది, 3000 దగ్గర పాత బల్బులా ఉంటుంది. నేను 4000 ఉన్నది తెచ్చి బిగించాను. రాత్రిపూట కూడా చుక్కలు వెలిగాయి. వంటిల్లు మార్చిన ఖర్చులన్నింటిలో అతి చిన్నది అదే, అన్నిటికన్నా ఎక్కువ తేడా తెచ్చింది కూడా అదే. ముందే ఆ పని చేసి ఉంటే బూడిద గోడని కొన్నాళ్లు భరించేదాన్నేమో.

ఇంకొక సంగతి షీట్లు పెట్టాకే కనిపించింది. పాలిష్ పెట్టిన నల్లరాయి అద్దం. గట్టు ముందు నిలబడి కిందికి చూస్తే వెనక గోడ అందులో తలకిందులుగా కనిపిస్తుంది. అంటే గోడ రంగుని మనం రెండుసార్లు చూస్తున్నాం, గోడ మీద ఒకసారి, రాతిలో ఒకసారి. మీగడ షీటు ముందు గట్టు వెనక సగం మొత్తం తేనె పూసినట్టు ఉంది. ఇక గోడ కూడా అద్దంలా మెరిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. లైటు గోడలో, గోడ గట్టులో, గట్టు స్టీలు గిన్నెల్లో. చీరకీ జాకెట్టుకీ రెండింటికీ ఒళ్లంతా జరీ అయితే కళ్లు జిగేల్‌మంటాయి. ఒకదానికి జరీ ఉంటే రెండోది నిదానంగా ఉండాలి. ఈ మధ్య లెదర్ ఫినిష్ అని గరుకు రాయి వస్తోంది, దానికి ప్రతిబింబం ఉండదు. అలాంటి గట్టుకి గోడ కాస్త మెరుపున్నా పర్వాలేదు.

నల్లరాయి ఉన్నవాళ్లు చూసుకోవాల్సింది ఇంకొకటి. నలుపు వెలుతురుని తినేస్తుంది. మాది పదికి ఎనిమిది గది, కిటికీ ఒక్కటే. కొన్ని షేడ్ కార్డుల్లో రంగు పేరు కింద ఎల్ఆర్‌వీ అని ఒక అంకె వేస్తారు. ఒట్టి నలుపుకి 0, పూర్తి తెలుపుకి 100, అంటే ఆ రంగు ఎంత వెలుతురు తిరిగి ఇస్తుందో లెక్క. నేను 75 పైన ఉన్నవే చూశాను. గట్టు తిన్న వెలుతురు గోడ తిరిగి ఇవ్వాలి కదా.

కరీంనగర్‌లో మా చెల్లెలిది వేరే కథ. వాళ్ల వైపు దొరికే ట్యాన్ బ్రౌన్ వేయించుకుంది. ఎర్రటి గోధుమ రంగు మచ్చలు, మధ్యలో నలుపు, మంచి రాయి. గోడకి పిస్తా ఆకుపచ్చ వేయించింది. ఆకుపచ్చ పక్కన ఎరుపు రెచ్చిపోతుంది, ఇది కూడా ఆ షెవ్రోల్ పుస్తకంలోదే. "అక్కా, గట్టు మీద చికెన్ కోసి కడగనట్టు ఉంటుందే" అని ఒకటే ఏడుపు. నా రాయి ముక్క దానికి పనికిరాదు, దాని రాయి వేరు. గులాబీ ఛాయ ఉన్న లేత తెలుపు షీటు మీద వేసి పెట్టి చూడమన్నాను. పండక్కి వేయించుకుంది. ఇప్పుడు ఫోన్లో గట్టు ఊసే రావట్లేదు, అంటే బాగుందనే.

అంచేత సంపాదకులు గారూ, నా మనవి ఇదీ. మళ్లీ వంటింటి పేజీ వేసేటప్పుడు మన రాళ్లు ఉన్న వంటిళ్లు ఫోటో తీయించి వేయండి. గెలాక్సీ ఉన్నది ఒకటి, ట్యాన్ బ్రౌన్ ఉన్నది ఒకటి, కుప్పం ఆకుపచ్చ రాయి ఉన్నది ఒకటి, ఇంకా కడప రాయి మీదే వండుకుంటున్న ఇల్లు ఒకటి. అవి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఎన్నో ఇళ్లలో ఉన్నాయి. ఫోటో కింద రాయి పేరు, రంగు ఏ ఛాయ, మెరుపు ఎంత, ఏ లైటు కింద తీశారు అన్నది రాయించండి. "ఈ కాగితం మీది రంగు చూసి కలిపించకండి" అని ఒక్క లైను తప్పకుండా వేయండి. పొయ్యి వెనక టైల్స్ రెండడుగులు చాలవని, చిమ్నీ అడుగు దాకా, చిమ్నీ లేనివాళ్లు మనిషి తల ఎత్తు దాకా వేయించుకోమని కూడా రాయండి. రంగుల డబ్బాల ప్రకటనలు మీకు వస్తాయని నాకు తెలుసు. ఇందులో వాళ్లకి నష్టమేమీ లేదు, నాలాంటి వాళ్లు ముందు మూడు లీటర్లు అదనంగా కొంటారు.

మా పెయింటర్ గురించి కూడా ఒక మాట. రెండోసారి అతన్నే పిలిచాను. పాత మరకల మీద నేరుగా రంగేస్తే నూనె మళ్లీ పైకి తేలుతుందని, ముందు సోడా నీళ్లతో కడిగి, ఆరాక ఎమరీ కాగితంతో గీకి, ప్రైమర్ కొట్టి అప్పుడు రంగెయ్యాలని అతనే చెప్పాడు. నేను అడగలేదు. లప్పం కూడా ఈసారి టార్చిలైటు పక్కవాటుగా వేసి చూసుకుంటూ సాపు చేశాడు. పని తెలియక కాదు, మొదటిసారి ఎవరూ అడగలేదు గనుక చేయలేదు. ఆఖరి కోటింగు మాత్రం గట్టు, కుళాయిలు, స్విచ్‌బోర్డులు అన్నీ అయ్యాకే వేయించాను. రాయి కోసినప్పటి బురద ఎంత తుడిచినా ఎక్కడో ఒకచోట గోడకి ఉంటుంది.

పక్కింటావిడకి మా రాయి ముక్క ఇచ్చాను. ఆవిడదీ గెలాక్సీయే. మొన్న షాపుకెళ్లి వచ్చింది. అక్కణ్ణుంచి అది వాళ్ల ఆడపడుచు ఇంటికి వెళ్లిందట, ఆమె కూడా వంటిల్లు మొదలుపెట్టింది. మాగాయ జాడీ మీద ప్రస్తుతానికి ఒక ఇటుక ముక్క పెట్టి నెట్టుకొస్తున్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సైన్సు టీచరు,
ఒంగోలు.

(పేరు వేయొద్దని మనవి. మా పెయింటర్ ఇంట్లో మీ పేపరే తెప్పిస్తారు.)